కుంచమవ్వ కొలిచిన బుద్ధి

పదకొండు రోజులుగా రాకుమారుడు రణధవళుడి కళ్ళెదుట ఉన్నది ఒక్కటే: గుర్రం తోక.

అది మామూలు తోక కాదు, ఒప్పుకోవాలి. తొలకరి మబ్బును దువ్వెనతో దువ్వి, పాయలు తీసి, నూనె రాసి వేలాడదీసినట్టుండే తోక. కంకణదుర్గం పట్టపుగుర్రం కారుమబ్బుది. ఆ గుర్రం నడిస్తే రాళ్ళు మద్దెలల్లా మోగేవి. పరుగెత్తితే దాని నీడ అరక్రోసు వెనకబడి, ఆయాసపడుతూ సాయంత్రానికి వచ్చి చేరేది. అంతటి గుర్రం మీద జరీ జీను, జీనుకు పగడాల కుచ్చులు, ఆ కుచ్చుల నడుమ దర్జాగా కూర్చున్నది ఎవరయ్యా అంటే, గుర్రపుసాలలో గడ్డి కోసే మైలారుడు. వాడి వెనక కంచరగాడిద మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, కంకణదుర్గం మహారాజుగారి ఏకైక పుత్రుడు రణధవళుడు.

గాడిద పేరు చెప్పనక్కర్లేదు. దానికి పేరు లేదు.

ఇదంతా ఉలవల వల్ల వచ్చింది.

శిలాదంష్ట్రుడనే మాంత్రికుడు పగబట్టి విసిరిన మంత్రపు బూడిద తగిలి, మహారాజు పుష్కరసేనుడు అరికాళ్ళ నుంచి రాయైపోతున్నాడు. రోజుకు రెండు వేళ్ళ మేర. ఇవాళ్టికి మోకాళ్ళ దాకా నల్లరాయి. నెల తిరిగేసరికి రాయి గుండెకు చేరుతుంది. మందు ఒక్కటే ఉంది. పాతాళగండికి అవతల, మేఘాలు తల ఆనించి పడుకునే కొండచరియకు నీలితుట్టెలు వేలాడతాయి. వాటి తేనె బొట్టు నాలుక మీద పడితే రాయి కరుగుతుంది. ఆ గండిని దాటగల కాళ్ళు భూమి మీద నాలుగే ఉన్నాయి, ఆ నాలుగూ కారుమబ్బువే.

మరి ఆ గుర్రం మీద ఎవరెక్కాలి? కంకణదుర్గంలో అది మనుషులు తేల్చరు, గుర్రమే తేలుస్తుంది. మనిషికి ఆలోచన ఉంటుంది, ఆలోచన ఉన్నచోట పక్షపాతం ఉంటుంది, గుర్రానికి రెండూ లేవు కనక దాని తీర్పే తీర్పని వాళ్ళ తాతముత్తాతల నమ్మకం. కోరినవాళ్ళంతా నానబెట్టిన ఉలవలు దోసిట్లో పట్టుకుని వరసగా నిలబడాలి. గుర్రం ఎవరి చేతిలో తింటే వాడు పట్టపు రౌతు. పట్టపు రౌతే రాజు తరువాత రాజు. ఏడు తరాలుగా గుర్రాలు రాకుమారుల చేతుల్లోనే తింటూ వచ్చాయి కాబట్టి ఈ ఆచారం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రోజు రణధవళుడు తలంటుకుని, పట్టుబట్ట కట్టి, అంతటి గుర్రానికి తగిన మర్యాద చేయాలని రెండు చేతులకూ మోచేతుల దాకా ఘాటైన పునుగు పట్టించాడు. కారుమబ్బు వచ్చింది. ముక్కుపుటాలు ఎగరేసింది. నాలుగడుగులు వెనక్కి వేసి, మంత్రులను దాటి, సేనాపతులను దాటి, వరస చివరకు పోయింది. అక్కడ మైలారుడు పోటీకి కూడా నిలబడలేదు పాపం. అందరి దోసిళ్ళూ నింపి, గంపలో మిగిలిన గుప్పెడు చేతిలో పెట్టుకుని ఒదిగి ఉన్నాడు. గుర్రం ఆ గుప్పెట్లో మూతి పెట్టింది. ఊరు ఊరంతా హోరెత్తింది.

ఆ హోరు రణధవళుడి కడుపులో కుంపటి పెట్టింది. గుర్రం మనసు మార్చుకోకపోతుందా అని గాడిదెక్కి వెంటపడ్డాడు. రోజూ తెల్లవారగానే స్నానం చేసి, భరిణె తెరిచి, పునుగు చేతులనిండా పట్టించి, ఉలవలు చాపి నిలబడేవాడు. రోజూ కారుమబ్బు నాలుగడుగులు వెనక్కి వేసేది. మైలారుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ తిప్పుకోవడంలో నవ్వుందని రణధవళుడి అనుమానం. ఉంది కూడా.

పదకొండో రోజు పొద్దున వెదురుకోన దాటుతున్నారు. పచ్చని వెదుళ్ళ మధ్య ఎండ బంగారు జల్లెడలోంచి జారినట్టు పడుతోంది. వెదురు కణుపుల్లో గాలి దూరి నూరు వేణువుల పాట పాడుతోంది. ఉన్నట్టుండి పాట ఆగింది. దారికి అడ్డంగా ఉన్న బండ కదిలింది. బండ కాదది, ఇరుతలల కొండచిలువ! నడుము మద్దిమాను మందం. ఎడమ తల లేచి మైలారుణ్ణి చూసింది. కుడి తల లేచి మైలారుణ్ణే చూసింది. మైలారుడి కోసం రెండు తలలూ ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి.

వాటికి మూరెడు దూరంలో గాడిద మీద రణధవళుడు ఉన్నాడు. తలంటుకున్న రాకుమారుడు, పాలూ నెయ్యీ పోసి పెంచిన ఒళ్ళు. ఒక్క తలా అటు తిరగలేదు.

“ఇదిగో, ఇక్కడ!” అని అరిచాడు రణధవళుడు. ఎడమ తల ఒకసారి చూసి, ముక్కు ముడిచి, మళ్ళీ మైలారుడి వైపు తిరిగింది.

అంతే. పామయినా సరే, ఇంత అవమానమా! గాడిద మీంచి ఎగిరి, కత్తి దూసి, ఒకే వేటుకు రెండు మెడలూ తెగనరికాడు. ఆ వేటుకు వెనకనున్న వెదుళ్ళు కూడా పదహారు తెగిపడ్డాయి.

“దండాలు చిన్నదొరా! మీరు లేకపోతే నేను దాని కడుపులో ఉండేవోణ్ణి,” అన్నాడు మైలారుడు.

“నీకోసం కాదు!” అన్నాడు రణధవళుడు. అది నిజమే.

కోన దాటాక రాతిదారి. ఇక ఉండబట్టలేక రాకుమారుడు గాడిదను గుర్రం పక్కకు తెచ్చాడు.

“ఒరే మైలారా, ఒకటి చెప్పు. చెట్టు మీది ఆకు రాలి నీ నెత్తిన పడింది. ఆకు నిన్ను కోరుకున్నట్టా?”

“ఆకు సంగతి నాకెట్టా తెలుస్తుందండి? అడిగితే చెప్పదు గదా.”

“చెప్పదు. దానికి ఆలోచన లేదు కనక. ఇది ఎందుకు కావాలి, అది ఎందుకు వద్దు అని తర్కించగలిగినవాడే ఎంచుకోగలడు. తర్కం లేనిచోట ఎంపిక ఎక్కడిది? కాబట్టి కారుమబ్బు నిన్ను ఎంచుకోలేదు. దాని మూతి పోయి నీ చేతికి తగిలింది, అంతే.”

“అట్టాగే అనుకుందామండి. మరి రోజూ పొద్దున్నే మీరు ఉలవలు పట్టుకుని దాని ముందర నిలబడతా ఉంటిరి, ఎందుకూ?”

రణధవళుడు గాడిదను అనవసరంగా ఒక తన్ను తన్నాడు.

“ఇంకో మాట, కోప్పడమాకండి. మీరు మారాజుగారికి కొడుకుగా పుట్టారు. తర్కించే పుట్టారా?”

గాడిదకు రెండో తన్ను పడింది.

మధ్యాహ్నానికి దారి ఆగిపోయింది. ఎదుట పాతాళగండి. భూదేవి ఆవలించి మళ్ళీ నోరు మూసుకోవడం మరచిపోయినట్టుంది. రాయి వేస్తే శబ్దం రాదు. పొద్దున వేసిన రాయి శబ్దం ఎప్పుడో సాయంత్రం వస్తుందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. అవతలి చరియకు నెమలికంఠం రంగులో నీలితుట్టెలు ఒక్కొక్కటి గాదెంత వేలాడుతున్నాయి. వాటి గుంయ్ మనే రొద ఇవతలి గట్టు మీద కాళ్ళకింద తెలుస్తోంది.

గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చెవి తమ్మెలు భుజాలను తాకుతున్నాయి. ముందర ఇత్తడి కుంచం, మానిక, సోల, గిద్దె వరసగా పెట్టి ఉన్నాయి. ఒళ్ళో చారల పునుగుపిల్లి ఒకటి కళ్ళు మూసుకుని పడుకుంది. దాన్ని చూడగానే కారుమబ్బు సకిలించి ముందుకాళ్ళు లేపింది. మైలారుడు చప్పున దిగి, ఉలవల వాసన పట్టిన తన తలపాగా తీసి దాని ముక్కుకు చుట్టి, మెడ నిమిరి నిలబెట్టాడు. జీను కూడా దించి పక్కన పెట్టాడు. మెడకు కట్టిన పగ్గం మాత్రం ఉంచాడు, పది బారల పగ్గం. గుర్రం ఎందుకు బెదిరిందో రాకుమారుడికి పట్టలేదు. ఆ తలపాగా అంటే దానికెంత ఇష్టమో చూసి పళ్ళు నూరుకోవడంలో ఉన్నాడు.

“రండి నాయనలారా,” అంది ముసలమ్మ. “నన్ను కుంచమవ్వ అంటారు. లోకమంతా గింజలు కొలిస్తే నేను బుద్ధి కొలుస్తా. ఈ గండి దగ్గరికి వచ్చిన వాళ్ళందర్నీ కొలిచా. ఇంతవరకూ కుంచం నిండినవాడు లేడు.”

రణధవళుడి బుర్రలో మెరుపు మెరిసింది. “అవ్వా, గుర్రానికి బుద్ధి పొయ్యగలవా?”

“కొత్త బుద్ధి నా దగ్గర పండదు నాయనా. ఒకరి చెవిలోంచి తీసి ఇంకొకరి చెవిలో పోస్తా. ఇదిగో ఈ నా చేతికర్ర నేలలో గుచ్చుతా, దాని నీడ అదిగో ఆ చీలినబండను తాకేదాకా గడువు. ఆలోపల పుచ్చుకున్న గుర్రం ఇష్టపడి తిరిగిస్తే నీది నీకు. లేకపోతే బుద్ధి గుర్రానిది, గడ్డి నీది.”

“గుర్రం ఆలోచించి చెప్పాలి అవ్వా, మాలో ఎవరు రౌతో. తేలిపోవాలి.”

“అయితే నాది తీసుకో అవ్వా,” అన్నాడు మైలారుడు ముందుకొచ్చి. “మా ఇంట్లో దాని మీద ఆధారపడి ఎవరూ బతకటం లేదు.”

రణధవళుడు వాణ్ణి ఎగాదిగా చూశాడు. వీడి బుద్ధి గుర్రంలోకి పోతే గుర్రం ఎవరిని ఎంచుకుంటుంది? వీణ్ణే! ఎంత జిత్తులమారి! నెత్తిన నూనె లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు, అయినా ఎంత దూరం ఆలోచించాడు!

“వీల్లేదు! నా బుద్ధే పొయ్యాలి!” అని తల వంచి చెవి పట్టాడు.

కుంచమవ్వ కర్రతో నెత్తిన ఒక్కటి తట్టి, దాన్ని నేలలో గుచ్చింది. కుడిచెవిలోంచి ఆవగింజలంత గింజలు, మంచిముత్యాల రంగువి, జలజలా కుంచంలోకి రాలాయి. అవ్వ మునివేళ్ళతో కెలికి చూసింది.

“గింజ సోలెడు, పొల్లు మూడు సోలలు. ఇదేం పంట నాయనా? ఈ పొల్లేంటో తెలుసా? ఓర్వలేనితనం. చెరిగి పొయ్యమంటావా?”

చెరిగితే మైలారుడి ఎదుట సోలెడు మిగులుతుంది. చివరి నాలుగు గింజలు చెవి అంచున ఊగుతుండగా రణధవళుడు అరిచాడు. “చెరగొద్దు! పొల్లుతో సహా పొయ్యి!”

ఆ నాలుగూ రాలాయి. అవ్వ కుంచం ఎత్తి కారుమబ్బు చెవిలో ఒంపింది.

అప్పుడు రణధవళుడికి ఎలా ఉందంటే, ఎలాగూ లేదు. వీపు మీద ఎండ వెచ్చగా ఉంది. నేల మీద పచ్చివాసన వేస్తోంది. వంగి రెండు గరికపోచలు కొరికి నమిలాడు, బాగుంది. ఎదుట ఒక తోక ఊగుతోంది. పదకొండు రోజులు అతని నిద్ర చెడగొట్టిన తోక. ఇప్పుడది వట్టి తోక. దాని పక్కనున్న మనిషి దగ్గర ఉప్పు, ఉలవలు, ఎండుగడ్డి కలిసిన వాసన వేసింది. ఆ వాసన కూడా బాగుంది. దగ్గరకు పోయి వాడి భుజానికి తల రుద్దాడు.

“అయ్యో చిన్నదొరా!” అన్నాడు మైలారుడు. నవ్వాలో ఏడవాలో వాడికి తెలియలేదు.

కారుమబ్బు మాత్రం తలపాగా విదిలించి పారేసి, మెడ నిక్కించి, అచ్చం రణధవళుడి గొంతుతో దగ్గింది.

“ఏమిది! మమ్మల్ని ఎండలో నిలబెట్టి మీరు నీడలో ఉంటిరా?”

మైలారుడు రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించాడు. “అడగమన్నది మా చిన్నదొరండి. ఉలవల రోజున మీరు నన్ను ఎంచుకున్నారా?”

“ఎంచుకోవడమా! ఆనాడు మాకు బుద్ధెక్కడిది? రాకుమారుడి చేతుల్లో పిల్లి కంపు కొట్టింది. పునుగు కాదూ అది! మా ముత్తాతల నాటి నుంచి పిల్లిజాతి అంటే మాకు గుండెదడ. అందుకని వెనక్కి పోయాం. నీ దగ్గర పిల్లి లేదు, ఉలవలున్నాయి. తిన్నాం. దాన్ని మీరు తీర్పన్నారు, ఊరేగించారు, బాకాలూదారు.” అవ్వ ఒళ్ళోని పిల్లిని చూసి మూతి విరిచింది. “ఇప్పుడు చూడు, అది వట్టి పిల్లి అని తెలుసు. భయమే లేదు.”

“మంచిదండి. మరి ఇప్పుడు ఆలోచించి చెప్పండి. ఎవరెక్కాలి?”

“ఎవరూ ఎక్కరాదు! గండి దూకే కాళ్ళు మావి. కిరీటం మాత్రం మా వీపు మీద కూర్చున్నవాడికా? ఎందుకని? ఆ జీనుకు పగడాలు, మాకు ఉలవలా? పట్టపుగుర్రం అంటారు, పట్టం ఏదీ? మేమే దూకుతాం, మేమే తేనె తెస్తాం, మేమే సింహాసనం ఎక్కుతాం!”

“తేనె తుట్టె పిండాలంటే చేతులు కావాలండి.”

కారుమబ్బు మైలారుడి చేతులను చూసింది. ఆ చూపు వాడికి బాగా తెలిసిన చూపే. పదకొండు రోజులుగా వీపు మీద పొడుస్తున్న చూపు. “పది వేళ్ళు! గడ్డి కోసేవాడికి పది వేళ్ళు, మాకు నాలుగు గిట్టలు! ఇదేం న్యాయం!” అని గట్టు అంచుకు పోయి దూకడానికి నిలబడింది.

నిలబడి ఆలోచించింది. అక్కడే వచ్చింది చిక్కు.

“ఎనభై బారలుంటుంది. మా దూకుడు ఎనభై ఒకటి. కానీ గాలి ఎదురు. పొద్దున గడ్డి కాస్త ఎక్కువ తిన్నాం. ఒకవేళ వెనకకాలు జారితే?” కిందకు చూసింది. మళ్ళీ లెక్క వేసింది. ఏడేళ్ళ వయసు నుంచి వాగులనూ కోటగోడలనూ కళ్ళు మూసుకుని దూకిన గుర్రం, తర్కం తెలిసిన మరుక్షణం గట్టు మీద కొయ్యలా నిలబడిపోయింది. అవ్వ కర్ర నీడ చీలినబండకు జానెడు దూరంలో ఉంది.

“భయపడమాకండి, నేను పట్టుకుంటా,” అని మైలారుడు పగ్గం అందుకోబోయాడు.

“ముట్టకు! మాకు నీ సాయమా!” అని అది మెడ విసిరింది. మైలారుడు వెనక్కి జరిగాడు. వాడి కాలికింద రాతిపలక పెళుక్కున విరిగింది. మనిషి మాయమయ్యాడు.

రాళ్ళు రాలిన చప్పుడు లేదు. నాలుగు బెత్తెల కింద బండ పగుల్లో మొలిచిన బలుసుకొమ్మ పట్టుకుని మైలారుడు వేలాడుతున్నాడు. కొమ్మ వేళ్ళు ఒకటొకటి టప్ టప్ మని తెగుతున్నాయి.

కారుమబ్బు ఆలోచించింది. ఆలోచన ఎంత చక్కగా నడిచిందంటే, ఒక్క మెట్టు తప్పలేదు. “వాడు పోతే ఊరు వాణ్ణి మరచిపోతుంది. పోటీ తగ్గుతుంది. మేము తోయలేదు. వాడే జారాడు. కాబట్టి…”

ఆ ‘కాబట్టి’ పూర్తికాకముందే దాని పక్కనుంచి ఒక ఆకారం దూసుకుపోయింది. నోట్లో గరికపోచలతో సహా రణధవళుడు! గట్టు అంచున బోర్లాపడి, మెడ చాచి, గడ్డిమోపు కట్టే మోకు మైలారుడి భుజం మీంచి చంకకిందుగా చుట్టి కట్టి ఉంటే, దాన్ని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కొమ్మ ఊడింది. మనిషి బరువంతా రాకుమారుడి పళ్ళ మీద పడింది.

“ఒరే ఒళ్ళా! వదులు!” అని అరిచింది గుర్రం అతని గొంతుతోనే. “వాడు నీ శత్రువు! నీ కిరీటం వాడి దగ్గరుంది! అసలెందుకు పట్టుకున్నావు? కారణం చెప్పు!”

ఒళ్ళు కారణం చెప్పలేదు. బండను గోళ్ళతో పట్టుకుని, అంగుళం అంగుళం ముందుకు జారుతూ, మోకును ఇంకా గట్టిగా కరిచింది.

కుంచమవ్వ పకపకా నవ్వుతోంది. కర్ర నీడ బండకు వెంట్రుకంత దూరం.

గుర్రం చెవులు వాలిపోయాయి. “అవ్వా,” అంది మెల్లగా. “నీ కుంచం ఇటు పట్టు. ఇది నాకొద్దు.”

“ఆలోచించే అంటున్నావా?”

“ఆలోచించే అంటున్నా. పొద్దున ఎండ తగిలితే హాయిగా ఉండేది. ఇప్పుడు అదే ఎండ మైలారుడి వీపు మీద ఎక్కువ పడుతోందేమోనని చూస్తున్నా. ఈ రాకుమారుడు ఇన్నాళ్ళు దీన్ని ఎట్టా మోశాడో! నేను మొట్టమొదటిసారి నా అంతట నేను ఎంచుకుంటున్నది ఇదే. తీసుకో.” తల వంచి చెవి విదిలించింది.

గింజలు కుంచంలోకీ, కుంచంలోంచి రణధవళుడి చెవిలోకీ జలజలా పడ్డాయి. పొల్లుతో సహా.

రణధవళుడు కళ్ళు తెరిచాడు. నోటినిండా మోకు. చేతులకింద జారుతున్న బండ. ముక్కుకింద మైలారుడి నెత్తి, దానికింద పాతాళం. ఒక్కసారిగా అంతా అర్థమైంది. నోరు తెరిస్తే చాలు. ఎవరూ తోయలేదు, ఎవరూ చూడలేదు. చూసిన ముసలమ్మ ఊళ్ళోకి రాదు. తోక ఉండదు, గాడిద ఉండదు, హోరంతా తనకే. కారణాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసగా నిలబడ్డాయి, ఉలవలు పట్టుకున్న మంత్రుల్లాగా. నోరు మూసుకుని ఉండటానికి కారణం కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. పైగా ఇంత దగ్గర నుంచి చూస్తే, ఆ గడ్డికోతగాడి జుట్టు తన జుట్టుకంటే ఒత్తుగా ఉంది!

కారణాలన్నీ ఒక పక్క, పళ్ళు ఒక పక్క. పళ్ళు విడలేదు.

ఇంతలో గోలకు నిద్ర చెడి పునుగుపిల్లి అవ్వ ఒళ్ళోంచి ఒళ్ళు విరుచుకుంటూ దిగి, కారుమబ్బు కాళ్ళ మధ్యకు వచ్చింది. ఇప్పుడా గుర్రానికి అది వట్టి పిల్లి అని తెలియదు. ముక్కుపుటాలు ఎగిరాయి. కళ్ళు గుండ్రంగా తిరిగాయి. ఎనభై బారలా, ఎదురుగాలా అన్న లెక్క లేదు. గట్టు అంచున గిట్టలు నిప్పులు రాల్చగా ఆకాశంలోకి లేచింది!

బోర్లాపడిన రాకుమారుడి మీంచి నల్లమేఘం దాటినట్టు నీడ దాటింది. నీడ వెనక పగ్గం కొస బండ మీద పాములా ఈడ్చుకుంటూ వచ్చింది. తర్కించడానికి రెప్పపాటు కూడా లేదు. రణధవళుడు బండ వదిలేసి రెండు చేతులతో పగ్గం అందుకున్నాడు.

పాతాళగండి నడిమధ్యన, మేఘాలకు పైన, ముందర కారుమబ్బు, దాని పగ్గానికి వేలాడుతూ రాకుమారుడు, అతని పళ్ళకు వేలాడుతూ గడ్డి కోసేవాడు. కంకణదుర్గం పట్టపు వరస అలా ఎగిరిపోతోంది. వెనక గట్టు మీద అవ్వ నవ్వు చిన్నదైపోతోంది. గాడిద ఒక్కటే తీరిగ్గా గరిక మేస్తూ ఉండిపోయింది. ఎదుట నీలితుట్టెలు అదిరాయి. ఎగిరివస్తున్న ముగ్గుర్నీ చూసి తుట్టెల్లోంచి నీలిమబ్బు లేచినట్టు లక్ష తేనెటీగలు గుంయ్ మంటూ ఎదురొచ్చాయి.

కింది నుంచి మైలారుడి గొంతు వినిపించింది.

“చిన్నదొరా! పోయేలోపల ఒక్క ముక్క తెలుసుకోవాలండి! నన్ను ఆలోచించి పట్టుకున్నారా, ఆలోచించకుండానా?”

రణధవళుడి దగ్గర దీనికి మంచి జవాబు ఉంది. నీకోసం కాదురా, నా ఒళ్ళు చేసిన పని అది, నాకేం సంబంధం లేదు అని చెడామడా తిట్టే జవాబు. అది గొంతు దాకా వచ్చింది. చెప్పాలంటే మాత్రం నోరు తెరవాలి.

ముందు వచ్చిన తేనెటీగ సరిగ్గా అతని ముక్కు కొన మీద వాలింది.

రాకుమారుడు కళ్ళు గట్టిగా మూసుకుని, మోకును ఇంకాస్త కొరికిపట్టాడు.